ఢాకాకు దారి: 1971 యుద్ధంలో రాజకీయ లక్ష్యం, సైనిక వ్యూహం

1971 డిసెంబరు 3 సాయంత్రం మొదలైన భారత్-పాకిస్తాన్ యుద్ధం 17వ తేదీ రాత్రి 8 గంటలకు ఆగింది. ఈ రెండు వారాల్లో తూర్పు పాకిస్తాన్ పోయి బంగ్లాదేశ్ వచ్చింది. సుమారు 93 వేల మంది పాకిస్తానీయులు బందీలయ్యారు. ఈ విజయాన్ని సైనికుల శౌర్యంతోనో, సంఖ్యాబలంతోనో వివరించడం పరిపాటి. ఆ రెండూ నిజమే కానీ అవి మాత్రమే చాలవు. రెండు దేశాల పాలకులు ఏమి కోరుకున్నారు, అవతలివారు ఏమి కోరుకుంటున్నారని ఊహించారు అన్నదాన్ని బట్టే సైన్యాలు ఎక్కడ నిలబడాలో, ఏ ఊరికోసం పోరాడాలో, ఏ ఊరిని వదిలి ముందుకు సాగాలో తేలింది. పాకిస్తాన్ ఊహ తప్పింది. భారత్ ఊహ యుద్ధం మధ్యలో మారింది. ఢాకా పతనానికి మూలం అక్కడే ఉంది.

పాకిస్తాన్ రెండు భాగాల మధ్య సుమారు 1,600 కిలోమీటర్ల భారత భూభాగం ఉండేది. జనాభాలో తూర్పు భాగమే పెద్దది. సైన్యం, ఉన్నతోద్యోగాలు, విదేశీ మారకద్రవ్యం మీద పెత్తనం మాత్రం పశ్చిమానివి. 1970 డిసెంబరు ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ తూర్పున 162 సాధారణ స్థానాల్లో 160 గెలుచుకుని మొత్తం జాతీయ అసెంబ్లీలో స్పష్టమైన మెజారిటీ సాధించింది. ప్రధాని పదవి ముజిబ్‌కు దక్కాలి. సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ గానీ, పశ్చిమాన ఎక్కువ స్థానాలు గెలిచిన జుల్ఫికర్ అలీ భుట్టో గానీ అందుకు సిద్ధపడలేదు. అసెంబ్లీ సమావేశం వాయిదా పడింది. ఢాకాలో చర్చలు జరుగుతున్నట్టే ఉండగా మార్చి 25 రాత్రి సైన్యం ‘ఆపరేషన్ సెర్చ్‌లైట్’ పేరుతో నగరం మీద విరుచుకుపడింది. ఢాకా విశ్వవిద్యాలయ వసతిగృహాలు, రాజర్‌బాగ్ పోలీసు లైన్లు, పిల్‌ఖానాలోని ఈస్ట్ పాకిస్తాన్ రైఫిల్స్ కేంద్రం మొదటి లక్ష్యాలు. ముజిబ్‌ను అరెస్టు చేసి పశ్చిమానికి తరలించారు. ఓట్లతో వచ్చిన సమస్యను తుపాకీతో తీర్చాలనుకోవడమే పాకిస్తాన్ చేసిన మొదటి, అతి పెద్ద వ్యూహాత్మక తప్పిదం. ఆ తర్వాతి తప్పులన్నీ దానికి పుట్టిన పిల్లలే.

ఆ దాడితో జనం సరిహద్దు దాటడం మొదలైంది. భారత ప్రభుత్వ లెక్క ప్రకారం ఏడాది చివరికి వారి సంఖ్య కోటికి చేరువైంది. పశ్చిమ బెంగాల్, అస్సాం, మేఘాలయ, త్రిపుర శిబిరాలతో నిండిపోయాయి. త్రిపురకు వచ్చిన శరణార్థులు ఆ ప్రాంత జనాభాకు దాదాపు సమానం. పాకిస్తాన్ దీన్ని తన ఆంతరంగిక వ్యవహారమంటూ వచ్చింది. కోటి మంది పొరుగుదేశంలోకి వచ్చి పడ్డాక అది ఆంతరంగికం ఎలా అవుతుందన్నది ఇందిరాగాంధీ ప్రభుత్వ వాదన. ఆ వాదనలో నుంచే భారత్ రాజకీయ లక్ష్యం రూపుదిద్దుకుంది. శరణార్థులు తిరిగి వెళ్లాలి. వాళ్లు భయం లేకుండా వెళ్లాలంటే అక్కడ వాళ్లు ఎన్నుకున్న ప్రభుత్వమే ఉండాలి.

ఏప్రిల్‌లోనే సైన్యాన్ని పంపాలన్న ఒత్తిడి ఢిల్లీలో ఉంది. సైన్యాధిపతి శామ్ మానెక్‌షా గడువు కోరారు. వర్షాకాలం వస్తే తూర్పు బెంగాల్ నదులు సముద్రాల్లా పొంగుతాయి. హిమాలయ కనుమల్లో మంచు కరిగి ఉంటుంది కాబట్టి చైనా దిగివచ్చే వీలుంటుంది. దళాలు, ట్యాంకులు, రైలు వ్యాగన్లు సమకూర్చుకోవడానికి నెలలు పడుతుంది. ఈ సంభాషణను మానెక్‌షా తర్వాతి కాలంలో చాలా నాటకీయంగా చెప్పేవారు. ప్రధాని కార్యాలయంలో పి.ఎన్.హక్సర్ వంటివారు కూడా తొందరపాటుకు వ్యతిరేకంగానే ఉన్నారని ఇటీవలి చరిత్రకారులు చూపించారు. ఆలస్యానికి సైనిక కారణం ఎంత ఉందో దౌత్య కారణమూ అంతే ఉంది. ఏప్రిల్‌లో దాడి చేసి ఉంటే ప్రపంచం దాన్ని పొరుగుదేశాన్ని చీల్చే పన్నాగంగానే చూసేది.

ఆ ఎనిమిది నెలలు వృథా పోలేదు. ఏప్రిల్ 17న కుష్టియా ప్రాంతంలోని వైద్యనాథ్‌తల మామిడితోటలో తాజుద్దీన్ అహ్మద్ ప్రధానిగా బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణం చేసింది. భారత్ దానికి కలకత్తాలో నీడనిచ్చింది గానీ గుర్తింపు మాత్రం ఇవ్వలేదు. జూలైలో హెన్రీ కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా పెకింగ్ వెళ్లివచ్చాక అమెరికా, చైనా రెండూ పాకిస్తాన్ వైపే మొగ్గుతాయని ఢిల్లీకి అర్థమైంది. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరింది. భద్రతామండలిలో వీటో రక్షణ, చైనా కదిలితే దానికి ఒక జంకు, ఈ రెండూ ఆ సంతకంతో సమకూరాయి. అక్టోబరు, నవంబరుల్లో ఇందిర పశ్చిమ దేశాల రాజధానులు తిరిగారు. సాయం రాకపోయినా, శాంతిమార్గాలు వెతికి విసిగిన దేశంగా భారత్ కనిపించడానికి ఆ పర్యటన పనికివచ్చింది.

ఇదే కాలంలో తూర్పు బెంగాల్ లోపల ముక్తివాహిని పోరు ముదిరింది. కర్నల్ ఉస్మానీ సేనాధిపతి, దేశమంతా 11 సెక్టార్లు. తిరగబడిన బెంగాలీ సైనికులకు వేలాది విద్యార్థులు, రైతుబిడ్డలు తోడయ్యారు. వీరు సాధించిన వాటిలో ఆగస్టు 15 రాత్రి జరిగిన రేవుల దాడిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పలాశీ దగ్గర భాగీరథిలో ఈత శిక్షణ పొందిన బెంగాలీ యువకులు ఒంటికి అయస్కాంత మందుపాతరలు కట్టుకుని చిట్టగాంగ్, మంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో ఒకేసారి నీళ్లలోకి దిగారు. దాడికి సంకేతం కలకత్తా ఆకాశవాణి నుంచి వచ్చింది. ముందుగా అనుకున్న ఒక బెంగాలీ పాట వినిపిస్తే సిద్ధం కావాలి, రెండో పాట వినిపిస్తే బయల్దేరాలి. తెల్లవారేసరికి పలు ఓడలు మునిగాయి. ఈ పోరాటం పాకిస్తాన్ సైన్యాన్ని ఓడించేంత పెద్దది కాదు. కానీ ఆ సైన్యం రాత్రిపూట శిబిరం దాటి రాకుండా, వంతెనకు వంతెనకు కాపలా పెట్టుకునేలా, చుట్టూ ఉన్న ప్రతి మనిషినీ అనుమానించేలా చేసింది. డిసెంబరులో భారత సైన్యం ఎదుర్కొన్నది అప్పటికే అలసిపోయిన శత్రువును.

పాకిస్తాన్ సైనిక సిద్ధాంతం ప్రకారం తూర్పు రక్షణ పశ్చిమంలో ఉంది. అంటే భారత్ తూర్పున దాడి చేస్తే, పశ్చిమ పాకిస్తాన్ నుంచి పంజాబ్, కశ్మీర్‌ల మీద పెద్ద దెబ్బ కొట్టి కొంత భూమి పట్టుకోవాలి. ఆ తర్వాత కాల్పుల విరమణ బేరంలో దాన్ని వదిలి తూర్పును కాపాడుకోవాలి. దీనికి రెండు షరతులున్నాయి. తూర్పున సైన్యం కొన్ని వారాలు నిలబడాలి, పశ్చిమాన దెబ్బ వెంటనే పడాలి. రెండూ జరగలేదు.

తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎ.ఎ.కె.నియాజీ చేతిలో 9, 14, 16 నంబర్ల పూర్తి డివిజన్లు మూడు, చివర్లో పేరుకు నిలబెట్టిన డివిజన్లు మరో రెండు ఉన్నాయి. మూడు వైపులా భారత్, నాలుగో వైపు సముద్రం. ఇంత కొద్ది బలంతో మూడు వేల కిలోమీటర్లకు పైబడిన సరిహద్దును కాపాడటం అసాధ్యం. పద్మ, జమున, మేఘన నదుల నడుమ ఉన్న ఢాకా చుట్టూ సైన్యాన్ని కుదించుకుంటే నదులే కందకాలవుతాయి. నియాజీ అలా చేయలేదు. జెస్సోర్, బోగ్రా, రంగ్‌పూర్, జమాల్‌పూర్, మైమన్‌సింగ్, సిల్హెట్, కొమిల్లా, చిట్టగాంగ్ వంటి పట్టణాలను కోటలుగా మార్చి, వాటికి ముందు సరిహద్దు వెంబడి దళాలను పరిచారు.

ఇది కేవలం సైనికంగా జరిగిన పొరపాటు కాదు. భారత్ సరిహద్దు పక్కన కొంత నేల పట్టుకుని, అక్కడ బంగ్లాదేశ్ జెండా ఎగరేసి, తాజుద్దీన్ ప్రభుత్వాన్ని కూర్చోబెట్టి గుర్తిస్తుందని ఇస్లామాబాద్ గట్టిగా నమ్మింది. అలాంటప్పుడు ఒక్క జిల్లా పోయినా రాజకీయంగా నష్టమే కాబట్టి అంగుళం కూడా వదలకూడదని ఆజ్ఞలు వెళ్లాయి. నవంబరులో సరిహద్దు పోరు పెరిగేసరికి ఢాకాలో ఉంచుకున్న 53వ బ్రిగేడ్‌ను కూడా ఫేనీ వైపు పంపేశారు. కోటల మధ్య ఖాళీలు పెరిగాయి, రాజధానిలో చెప్పుకోదగిన బ్రిగేడ్ మిగల్లేదు.

చిత్రమేమిటంటే, ఆ నమ్మకం పూర్తిగా నిరాధారం కాదు. సైనిక కార్యకలాపాల విభాగంలో మేజర్ జనరల్ కె.కె.సింగ్ రూపొందించిన భారత్ తొలి పథకం తూర్పు పాకిస్తాన్‌లో అధికభాగం ఆక్రమించాలన్నది. చిట్టగాంగ్, ఖుల్నా రేవులు అందులో ముఖ్య లక్ష్యాలు. ఢాకాను తప్పక పట్టుకోవాలన్న మాట స్పష్టంగా లేదు. ఐక్యరాజ్యసమితి ఏ క్షణాన్నయినా కాల్పుల విరమణ తీర్మానం చేస్తుంది, అంతలోగా ఎంత నేల చేతికి వస్తే అంత మేలు అన్నది మానెక్‌షా లెక్క. ఢాకాయే గురుత్వకేంద్రమనీ, రేవుల వెంట పడితే కాలం వృథా అనీ తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ మేజర్ జనరల్ జె.ఎఫ్.ఆర్.జాకబ్ వాదించినట్టు తన పుస్తకంలో రాశారు. ఈ ఖ్యాతి ఎవరిదన్న విషయంలో సైనికాధికారుల జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఆజ్ఞలు రాసినవారికంటే, నేల మీద దొరికిన సందును చూసి వాటిని దాటి నడిచినవారికే ఇందులో పెద్ద వాటా ఇవ్వడం న్యాయం.

అక్షరాలా చూస్తే యుద్ధం డిసెంబరు 3 కంటే ముందే మొదలైంది. నవంబరు మూడో వారం నుంచి భారత దళాలు ముక్తివాహినికి అండగా సరిహద్దు దాటి కొంత లోపలికి వెళ్లాయి. నవంబరు 21న జెస్సోర్ దిక్కున గరీబ్‌పూర్‌లో ట్యాంకుల పోరు జరిగింది, మర్నాడు బోయ్రా పైన పాకిస్తాన్ సేబర్ విమానాలు కూలాయి. 23న యాహ్యా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు శ్రీనగర్, పఠాన్‌కోట్, అమృత్‌సర్, అంబాలా, ఆగ్రా తదితర వైమానిక స్థావరాల మీద బాంబులు వేశాయి. నష్టం స్వల్పం. రాజకీయంగా మాత్రం ఆ దాడి భారత్‌కు కలిసొచ్చింది. యుద్ధం మొదలుపెట్టిన నింద పాకిస్తాన్ తలకు చుట్టుకుంది. 6న భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది, భూటాన్ కూడా అదే రోజు గుర్తించింది. దాంతో భారత సైన్యం పరాయి నేలను ఆక్రమించుకుంటున్న సేన అన్న ఆరోపణకు చట్టపరంగా ఒక జవాబు దొరికింది.

సముద్రం మీద మొదటి ఘట్టం తెలుగు తీరంలోనే జరిగింది. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖపట్నం నుంచే చిట్టగాంగ్ దిగ్బంధం సాగాలి. దానికి ఆయువుపట్టు విమానవాహక నౌక విక్రాంత్. బంగాళాఖాతం దాకా వచ్చి పోరాడగల సత్తా పాకిస్తాన్ జలాంతర్గాముల్లో ఘాజీ ఒక్కదానికే ఉండేది. విక్రాంత్‌ను వేటాడటానికి, విశాఖ బయట మందుపాతరలు పరచడానికి అది కరాచీ నుంచి బయల్దేరింది. వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు తరలించి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు తప్పుడు సంకేతాలు పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పెద్ద పేలుడు వినిపించింది. ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లే అది మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడో, తాను పరిచిన మందుపాతరో కారణమని పాకిస్తాన్ అంటుంది. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే. విక్రాంత్ విమానాలు కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద అడ్డులేకుండా ఎగిరాయి, తూర్పు పాకిస్తాన్‌కు సముద్రదారి మూసుకుపోయింది. విశాఖ బీచ్‌రోడ్డులోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఈ యుద్ధానిదే.

నేల మీద లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా నాయకత్వంలో నాలుగు దిక్కుల నుంచి దాడి సాగింది. పశ్చిమం నుంచి 2వ కోర్, వాయవ్యం నుంచి 33వ కోర్, ఉత్తరాన మేఘాలయ నుంచి 101 కమ్యూనికేషన్ జోన్ దళాలు, తూర్పున త్రిపుర నుంచి 4వ కోర్. కోటలను ముట్టడించకుండా పక్కనుంచి దాటిపోయి వెనక దారులు కోసేయడం స్థూలంగా వ్యూహం. అది అన్నిచోట్లా ఒకేలా ఫలించలేదు. హిలీ దగ్గర నేరుగా ఢీకొన్న చోట రెండు వారాలకు పైగా రక్తం పారింది, పాకిస్తాన్ దళాలు మొండిగా నిలిచాయి. ఆ ఊరిని వదిలి పక్కనుంచి బోగ్రా వైపు సాగాకే ముడి విడింది. జెస్సోర్ కోట 7న పోరాటం లేకుండానే ఖాళీ అయింది. దాన్ని వదిలిన బ్రిగేడ్ ఢాకా వైపు పోకుండా ఖుల్నా వైపు పోయింది. భారత డివిజన్ కూడా దాని వెంటే ఖుల్నా దారిపట్టి యుద్ధం ముగిసేదాకా అక్కడే చిక్కుకుంది.

ఢాకా తలుపు తెరిచింది తూర్పు దిక్కున. 4వ కోర్‌ను నడిపిన లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్‌కు అప్పగించిన పని మేఘన నది తూర్పు ఒడ్డు వరకే. ఆయన చూపు నది అవతల ఉంది. అశూగంజ్ దగ్గర మేఘన మీద ఉన్న రైలు వంతెనను డిసెంబరు 9న పాకిస్తాన్ సైన్యం పేల్చేసి, అవతల భైరవ్‌బజార్‌లో కాచుకుంది. వంతెన పోయింది కాబట్టి భారత సేన రోజుల తరబడి ఆగిపోతుందని వారి అంచనా. సగత్ సింగ్ ఆ సాయంత్రమే ఎంఐ-4 హెలికాప్టర్లలో నాలుగో గార్డ్స్ బెటాలియన్ జవాన్లను నది దాటించి రాయ్‌పురా దగ్గర దింపడం మొదలుపెట్టారు. ఒక్కో హెలికాప్టర్‌లో పట్టేది కొద్దిమందే. అందుకే చీకటి పడ్డాక కూడా అవే యంత్రాలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. మరికొన్ని దళాలు నాటుపడవల మీద దాటాయి. అవతలి ఒడ్డున దిగినవారికి లారీలు లేవు, జీపులు లేవు. చుట్టుపక్కల పల్లెల జనం పడవలు, సైకిల్ రిక్షాలు, ఎడ్లబండ్లు తెచ్చారు. ఫిరంగులను, మందుగుండు పెట్టెలను భుజాలు మార్చుకుంటూ మోశారు. నర్సింగ్డి చేతికొచ్చింది. భైరవ్‌బజార్‌లో ఉన్న పాకిస్తాన్ డివిజన్ కార్యాలయం, దాని దళాలు ఢాకా కోసం ఒక్క అడుగు కూడా వేయలేక లొంగిపోయేదాకా అక్కడే ఉండిపోయాయి. ఈ యుద్ధంలో ప్రజల మద్దతు అన్నమాటకు నిజమైన అర్థం తెలియాలంటే ఆ మేఘన ఒడ్డును చూడాలి. పాకిస్తాన్ సైన్యానికి అదే పల్లెల్లో దారి చూపే మనిషి దొరకలేదు.

ఉత్తరం నుంచి వచ్చిన దళాలు జమాల్‌పూర్‌ను పట్టుకోగా, 11న టంగాయిల్ దగ్గర 2 పారా బెటాలియన్ పారాచూట్లతో దిగి పూంగ్లీ వంతెనను స్వాధీనం చేసుకుంది. దిగినవారు ఏడు వందల మంది. పుకార్లలో మాత్రం ఆ సంఖ్య ఒక బ్రిగేడంత అయింది. ఢాకాలో అప్పటికే కలవరంలో ఉన్న నియాజీ కార్యాలయానికి అది మరో దెబ్బ.

పశ్చిమ సరిహద్దులో భారత్ లక్ష్యం వేరు. అక్కడ శత్రువును నిలువరించాలి, వీలైన చోట ముందుకు జరగాలి, యుద్ధం పెద్దదవకుండా చూడాలి. పాకిస్తాన్ ఛంబ్‌ను గెలుచుకుంది, లోంగేవాలాలో భంగపడింది. భారత్ శకర్‌గఢ్ ప్రాంతంలోనూ, సింధ్ ఎడారిలోనూ, లద్దాఖ్‌లో తుర్తుక్ వరకూ భూమి పట్టుకుంది. డిసెంబరు 4 రాత్రి భారత క్షిపణి పడవలు కరాచీ రేవును దెబ్బతీశాయి. 9న భారత యుద్ధనౌక ఖుక్రీ పాకిస్తాన్ జలాంతర్గామి చేతిలో మునిగింది. ఇక పశ్చిమాన టిక్కా ఖాన్ కింద దాచిపెట్టిన పాకిస్తాన్ పెద్ద దాడిసేన యుద్ధం ముగిసేదాకా కదలనేలేదు. తూర్పును పశ్చిమంలో కాపాడతామన్న సిద్ధాంతం కాగితం మీదే మిగిలిపోయింది.

ఈలోగా న్యూయార్క్‌లో మరో పోరు నడిచింది. కాల్పుల విరమణ కోరే తీర్మానాలను భద్రతామండలిలో సోవియట్ యూనియన్ మూడుసార్లు వీటో చేసింది. సర్వసభ్య సభలో మాత్రం డిసెంబరు 7న 104 దేశాలు తీర్మానానికి అనుకూలంగా, 11 వ్యతిరేకంగా ఓటు వేశాయి. ప్రపంచం భారత్‌కు అనుకూలంగా లేదన్నది ఆ లెక్కతో తేలింది. అమెరికా ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకతో ఒక నౌకాదళాన్ని బంగాళాఖాతం వైపు పంపింది. సోవియట్ నాయకులు కూడా త్వరగా ముగించమని ఢిల్లీని తొందరపెట్టసాగారు. ఇలా దౌత్యం ఇచ్చిన గడువు రోజుల్లోకి కుదించుకుపోవడంతో ఢాకా అనివార్య లక్ష్యమైంది. రాజధాని పడకుండా కాల్పులు ఆగితే అక్కడ పాకిస్తాన్ ప్రభుత్వం మిగిలే ఉంటుంది, కోటి మంది శిబిరాల్లోనే ఉంటారు.

డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనంలో సమావేశం జరగనున్నదని వైర్‌లెస్ సందేశాల ద్వారా తెలిసింది. మిగ్-21 పైలట్లు పర్యాటకుల పటం చూసి భవనం ఆనవాలు పట్టి, దాని పైకప్పులోంచి రాకెట్లు దింపారు. గవర్నర్ ఎ.ఎం.మాలిక్ ఒక కాగితం ముక్క మీద రాజీనామా రాసి, రెడ్‌క్రాస్ రక్షణలో ఉన్న ఇంటర్‌కాంటినెంటల్ హోటల్‌కు వెళ్లిపోయారు. అదే రోజుల్లో పాకిస్తాన్ సైన్యానికి తోడు నడిచిన అల్ బదర్ ముఠాలు అధ్యాపకులను, వైద్యులను, పత్రికా రచయితలను ఇళ్లలోంచి పట్టుకుపోయి చంపాయి. వారి శవాలు రాయర్‌బజార్ ఇటుకబట్టీల దగ్గర బయటపడ్డాయి. తొమ్మిది నెలల్లో చనిపోయిన మొత్తం మనుషుల సంఖ్య 30 లక్షలని బంగ్లాదేశ్ ప్రభుత్వం చెబుతుంది. ఇతర అంచనాలు అంతకు తక్కువగా ఉన్నాయి.

16వ తేదీ ఉదయం మేజర్ జనరల్ గంధర్వ నాగ్రా దళాలు మీర్‌పూర్ వంతెన దగ్గరికి చేరాయి. జాకబ్ లెక్క ప్రకారం ఢాకాలో నియాజీకి 26 వేలకు పైగా సైనికులున్నారు, భారత సైనికులు మూడు వేలే. నిజంగా నగరంలో వీధివీధికీ పోరాడి ఉంటే వారాలు పట్టేది, ఐక్యరాజ్యసమితి తీర్మానం ముందే వచ్చేది. నియాజీ దగ్గర సైనికులున్నారు గానీ ఏ రాజకీయ లక్ష్యం కోసం పోరాడాలో చెప్పే ప్రభుత్వం మిగల్లేదు. సాయంత్రం రమ్నా రేస్‌కోర్స్ మైదానంలో, లక్షలాది బెంగాలీల ఎదుట, అరోరా పక్కన కూర్చుని ఆయన లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు. పత్రంలో భారత, బంగ్లాదేశ్ సేనలకు కలిపి లొంగుతున్నట్టే ఉంది. ఉస్మానీ మాత్రం ఆ వేదిక మీద లేరు, బంగ్లాదేశ్ తరఫున ఎ.కె.ఖోండ్‌కర్ హాజరయ్యారు. తొమ్మిది నెలలు ప్రాణాలొడ్డిన ముక్తివాహిని సేనాధిపతి ఆ చిత్రంలో లేకపోవడం బంగ్లాదేశ్‌లో నేటికీ మానని నొప్పి. దాన్ని భారత్‌లో చాలామంది గమనించను కూడా లేదు.

మర్నాడు రాత్రి 8 గంటల నుంచి పశ్చిమాన ఏకపక్షంగా కాల్పులు ఆపుతున్నట్టు ఇందిర ప్రకటించారు, యాహ్యా అంగీకరించారు. గెలుస్తున్న వేళ ఆగడం అన్నది ఈ యుద్ధంలో తీసుకున్న నిర్ణయాలన్నింటిలోకీ కష్టమైనది. భారత్ ఎందుకు యుద్ధానికి దిగిందో అది తూర్పున నెరవేరింది. పశ్చిమాన పోరు సాగిస్తే అగ్రరాజ్యాలు దిగే ప్రమాదం ఉండేది, శరణార్థుల కోసం యుద్ధం చేశామన్న మాటకు విలువ పోయేది. ముజిబ్ 1972 జనవరి 10న ఢాకా చేరారు. మార్చికల్లా భారత సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చేసింది. శరణార్థుల్లో అత్యధికులు కొద్ది నెలల్లోనే ఇళ్లకు తిరిగి వెళ్లారు.

పాకిస్తాన్‌తో లెక్క తేల్చడం ఇంత సులువు కాలేదు. 1972 జూలై 2న సిమ్లాలో ఇందిర, అప్పటికి పాకిస్తాన్ పాలకుడైన భుట్టో చేసుకున్న ఒప్పందం ప్రకారం పశ్చిమ సరిహద్దులో పట్టుకున్న భూమిని ఇరుపక్షాలూ తిరిగి ఇచ్చుకున్నాయి. జమ్మూకశ్మీర్‌లో మాత్రం యుద్ధం ఆగిన నాటి రేఖే నియంత్రణ రేఖ అయింది, అందుకే ఛంబ్ పాకిస్తాన్‌కు, తుర్తుక్ భారత్‌కు మిగిలాయి. తూర్పున యుద్ధానికి పెట్టుకున్నంత స్పష్టమైన లక్ష్యం కశ్మీర్ విషయంలో భారత్‌కు లేదు. చేతిలో అంతమంది బందీలు ఉండి కూడా అక్కడ తుది పరిష్కారం రాలేదు. బందీలు బంగ్లాదేశ్, భారత్‌లకు ఉమ్మడిగా లొంగినవారు కాబట్టి వారి విడుదలకు ఢాకా సమ్మతి కూడా అవసరమైంది. 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందంతో వారి తరలింపు మొదలైంది. యుద్ధనేరాల విచారణకు బంగ్లాదేశ్ పేర్కొన్న 195 మందిని కూడా 1974 ఏప్రిల్ త్రైపాక్షిక ఒప్పందం తర్వాత విడిచిపెట్టారు. అదే ఏడాది ఫిబ్రవరిలో, లాహోర్‌లో ఇస్లామిక్ దేశాల శిఖరాగ్ర సదస్సు సందర్భంగా, పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది.